పాట సంఘానిదా, ఆర్గనిస్టుదా?

కొరాల్ అంటే లూథరన్ గుళ్లలో సంఘమంతా కలిసి పాడే కీర్తన. ఆ కీర్తన వరసను తీసుకుని ఆర్గన్ మీద కొత్తగా అల్లి వాయించే రచన కొరాల్ ప్రిల్యూడ్. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఆర్గన్ సంగీతంలో పెద్ద వాటా ఇదే. దీని మీద ఇద్దరు వాదించుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. ఒకాయన గుంటూరు వైపు ఒక లూథరన్ గుడిలో చాలా ఏళ్లు పాటలు నడిపించిన రిటైర్డ్ తెలుగు మాస్టారు. రెండో మనిషి ఆయన మేనకోడలు. జర్మనీలో ఉద్యోగం, తీరిక వేళల్లో ఆర్గన్ సాధన. చెప్పిందే చెప్పిన చోట్లు, కాఫీల విరామాలు నేను కొట్టేశాను.

మామయ్య: ముందే చెప్తున్నా, నేను ఆర్న్‌స్టాట్ ఊరి గుడి పెద్దల పక్షం, కుర్రతనంలో బాఖ్ ఆర్గనిస్టుగా ఉన్నది వాళ్ల దగ్గరే. 1706 ఫిబ్రవరిలో వాళ్లు బాఖ్‌ని పిలిపించి అడిగింది న్యాయమైన మాట. ఇరవయ్యొకటి కూడా నిండని కుర్రాడు. కొరాల్ వాయిస్తూ వింత వింత మార్పులు చేస్తున్నావు, సంబంధం లేని స్వరాలు కలుపుతున్నావు, సంఘం తికమకపడుతోంది అన్నారు. పాడేవాళ్లకు దారి తప్పించేటట్టయితే అక్కడ ఆర్గన్ దేనికమ్మా?

మేనకోడలు: వాళ్ల అసలు కోపం వేరు మామయ్యా. బుక్స్‌టెహూడె ఆర్గన్ వింటానని నాలుగు వారాల సెలవు పెట్టి లూబెక్ వెళ్లాడు. నాలుగు వందల కిలోమీటర్లు నడిచే వెళ్లాడంటారు. తిరిగొచ్చింది నాలుగు నెలలకు. ఆ సెలవు సంగతి నిలదీస్తూ ఇదీ తగిలించారు.

మామయ్య: సెలవు ఎగ్గొట్టినవాడి మీద రెండో ఫిర్యాదు అబద్ధమై తీరాలా? అదే విచారణలో ఇంకోటి కూడా రాసుంది చూశావా? మొదట్లో మరీ సాగదీసి వాయించేవాడట. సూపరింటెండెంటు గారు ఒక మాట అన్నారు. అంతే, మర్నాటి నుంచి మరీ కురచ చేసేశాడట.

మేనకోడలు: అది చదివాకే ఆయన మీద నాకు ఇష్టం రెట్టింపయింది.

మామయ్య: నాకు కాలేదు. మా గుళ్లో కీబోర్డు కుర్రాళ్లూ అంతే. కొంచెం తగ్గించు నాయనా అంటే అలిగి మొత్తం మానేస్తారు.

మేనకోడలు: సరే, సంఘం పాట, సంఘం పాట అంటున్నారు. అది సంఘానిది ఎప్పుడైంది? ‘నున్ కొమ్, డేర్ హైడెన్ హైలాంట్’ తీసుకుందాం. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం పాడే కీర్తన. దాని మూలం లాటిన్. నాలుగో శతాబ్దంలో మిలాన్ బిషప్ ఆంబ్రోస్ రాశాడని పేరు. వందల ఏళ్లు మఠాల్లో సన్యాసులు పాడుకున్నారు. 1524లో లూథర్ మాటలు జర్మన్‌లోకి మార్చాడు. వరసను కూడా వదల్లేదు, చెక్కి కురచ చేశాడు. మొదటి పాదం వరసనే తెచ్చి నాలుగో పాదానికి అతికించాడు. ఆంబ్రోస్ శిష్యులెవరైనా లేచొచ్చి మా పాట పాడుచేశావంటే లూథర్ ఏం జవాబు చెప్పాలి?

మామయ్య: ఎందుకు చేశాడో చూడమ్మా. పాదానికి ఏడక్షరాలు. నాలుగు పాదాలు. మొదటిది నోటికొస్తే నాలుగోది వచ్చినట్టే. చదువు రాని రైతు, చంకలో పిల్లతో వచ్చిన తల్లి కూడా ఒక్క ఆదివారంలో పట్టేయాలని ఆ పని చేశాడు. లూథర్ పాటను మఠంలోంచి వీధిలోకి దించాడు. మీ బాఖ్ వీధిలోంచి తీసుకెళ్లి ఆర్గన్ మేడ ఎక్కించాడు. ఇద్దరూ మార్చారు, నిజమే. ఎటు తీసుకెళ్లారన్నదే నా ప్రశ్న.

(ఈ మాటకు మేనకోడలు వెంటనే జవాబు చెప్పలేదు. మొత్తం వాదనలో మామయ్యకు ఇదే గట్టి మాట అని నాకనిపించింది.)

మేనకోడలు: మీరనుకున్నంత తిన్నగా దిగలేదు వీధిలోకి. అదే 1524లో లూథర్ దన్నుతో యోహాన్ వాల్టర్ విట్టెన్‌బర్గ్‌లో అచ్చు వేయించిన పాటల పుస్తకం ఉంది కదా. అందులో కీర్తన వరస పై గొంతులో లేదు. మధ్యలో ఉండే టెనర్ గొంతులో ఉంది. పైనా కిందా వేరే గొంతులు అల్లుకుని ఉంటాయి. అది శిక్షణ ఉన్న గాయకుల కోసం. అంటే కొరాల్ పుట్టిన ఏడే దాన్ని మధ్యలో పెట్టి అల్లడం మొదలైంది.

మామయ్య: మొదలైంది. జనానికి అందడం లేదని ఎవరో ఒకరు గుర్తించారు కూడా. 1586లో లూకాస్ ఓసియాండర్ యాభై కీర్తనల పుస్తకం వేశాడు. వరసను తీసుకొచ్చి అన్నిటికన్నా పై గొంతులో పెట్టాడు. సంఘమంతా వినగలగాలి, వినడంతోపాటు కలిసి పాడగలగాలి. ఇవాళ మనం కీర్తనకు నాలుగు గొంతులు రాసేటప్పుడు వరస పైన పెడుతున్నామంటే ఆ మహానుభావుడి చలవే. ఆయన పేరు మీ కచ్చేరీల్లో ఒక్కడన్నా తలుస్తాడా?

మేనకోడలు: తలవరు. అది అన్యాయమే. కానీ పాట పవిత్రత సంగతి కూడా తేల్చాలి మీరు. గుడ్ ఫ్రైడే నాడు కళ్లు తుడుచుకుంటూ పాడే ‘ఓ హౌప్ట్ ఫోల్ బ్లూట్ ఉంట్ వుండెన్’ వరస ఎక్కడిది? హాన్స్ లియో హాస్లర్ 1601లో అచ్చువేసిన ప్రేమపాట. పిల్లమీద మనసు పడి మతి చెదిరిన కుర్రాడి గోడు. ఆ వరసే తర్వాత ముళ్ల కిరీటానికి చేరింది. బాఖ్ మత్తయి శ్రమచరిత్రలో దాన్ని పదేపదే వాడుకున్నాడు. ప్రేమపాట కీర్తన కావచ్చు, కీర్తన మాత్రం ఆర్గన్ రచన కాకూడదా?

మామయ్య: ప్రేమపాట కీర్తన అయినప్పుడు మాటలు మారాయి, నోరు మాత్రం పోలేదు. ఇదివరకు ఒకడు పాడాడు, తర్వాత వందమంది పాడారు. ఆర్గన్ దగ్గరికొచ్చేసరికి నోరే లేదు. అందరూ చేతులు కట్టుకుని వినాలి.

మేనకోడలు: నోరు లేదన్నారు కాబట్టి అడుగుతున్నా. ఈమని శంకరశాస్త్రి గారి వీణ వినడానికి మీరు ఊళ్లు దాటి వెళ్లేవాళ్లని అమ్మ చెప్పేది. వీణకు నోరుందా?

మామయ్య: అది వేరు.

మేనకోడలు: ఎందుకు వేరు?

మామయ్య: ఆయన త్యాగరాజ కృతి ఎత్తుకుంటే... మీటు మీటుకీ సాహిత్యం వినపడేది. ఏ అక్షరం దగ్గర మీటాలో ఆ అక్షరం దగ్గరే మీటేవారు. సంగతి మీద సంగతి వేసినా పల్లవి మాట ఎక్కడుందో మనకు తెలుస్తూనే ఉండేది.

మేనకోడలు: మీకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ కృతి మీకు ముందే వచ్చు. రానివాడికి అది మంచి వీణ, అంతే. బాఖ్ ముందు కూర్చున్న సంఘం మీలాంటిదే మామయ్యా. లైప్‌జిగ్‌లో ఆగమన కాలం మొదటి ఆదివారం ఆరాధన క్రమాన్ని ఆయన తన 61వ కాంటాటా (గొంతులకూ వాద్యాలకూ కలిపి రాసిన ఆరాధన సంగీతం) రాతప్రతి మీద సొంత దస్తూరీతో రాసి పెట్టుకున్నాడు. ఏది తర్వాత ఏది అని. అందులో మాటిమాటికీ ప్రిల్యూడ్ అని వస్తుంది. కొరాల్ పాడబోయే ముందు దాని మీద ఆర్గన్ వాయించాలి. అది విని జనానికి ఏ పాట రాబోతోందో తెలియాలి, శ్రుతి అందాలి, మాటలు లోపల కదలాలి. ఆ తర్వాత నోరు తెరవాలి. నోరు మూయించడానికి కాదు ప్రిల్యూడ్, తెరిపించడానికి.

మామయ్య: ఆ మాట ఒప్పుకుంటా. ఇప్పుడు నీ 659 నంబరు వాయించు చూద్దాం, అది నోరు తెరిపిస్తుందేమో.

ఆమె ఫోన్‌లో రికార్డింగు పెట్టింది. బాఖ్ రచనల జాబితాలో 659 అంటే ‘నున్ కొమ్’ మీద ఆయన వైమార్‌లో రాసి, జీవితం చివరి పదేళ్లలో లైప్‌జిగ్‌లో మళ్లీ దిద్దుకున్న ప్రిల్యూడ్. ముందు కాళ్లతో తొక్కే పెడల్ మీద బాస్ నడక మొదలవుతుంది, ఎక్కడా తడబడకుండా ఒకే అంగలో. ఎడమచేతిలో రెండు గొంతులు ఒకదాని వెనక ఒకటి కీర్తన మొదటి పాదాన్ని అనుకరిస్తూ వస్తాయి. ఆ తర్వాత కుడిచెయ్యి వేరే కీబోర్డు మీద, వేరే స్టాప్‌తో, అంటే వేరే నాదంతో, ఒంటరి గొంతుగా అసలు వరస ఎత్తుకుంటుంది. తొలి స్వరాలు మాత్రం స్పష్టంగా గుర్తుపడతాం. ఆ వెంటనే వరస మెలికలు తిరిగి, పాకి, జారి, ఎక్కడో తేలుతుంది. పాదానికీ పాదానికీ మధ్య కింది గొంతులే మాట్లాడుకుంటాయి. సంఘం అర నిమిషంలో పాడేసే నాలుగు పాదాలకు నాలుగైదు నిమిషాలు పడుతుంది.

మామయ్య: విన్నావుగా. రెండో పాదం ఎక్కడ మొదలైందో మా సంఘంలో ఎవడన్నా చెప్పగలడా?

మేనకోడలు: మీ సంఘం చెప్పలేదు. లైప్‌జిగ్ సంఘం చెప్పగలదు. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ ఆదివారం పాడిన పాట వాళ్లకు. ఆ మెలికలు వాళ్లకు అడ్డం కాదు. అసలు స్వరం ఇప్పుడొస్తుంది అనుకుంటే రాదు, ఆలస్యమవుతుంది, పక్కన తిరిగి తిరిగి చివరికి అక్కడే వాలుతుంది. ఆ కీర్తన అడుగుతున్నదే ‘రా’ అని కదా. రావలసినవాడు రాక ఎదురుచూడటాన్ని స్వరాల్లో పెట్టాడు ఆయన. మాటలు తెలిసినవాడికి ఇది వ్యాఖ్యానం.

మామయ్య: వ్యాఖ్యానం బాగుంది. నాకు నచ్చింది కూడా, దాచను. కానీ వ్యాఖ్యానం మూలాన్ని మింగకూడదు. నువ్వు మంచి ఉదాహరణ తెచ్చావు, నేను చెడ్డది తెస్తా. ‘వాఖెట్ అవుఫ్’.

మేనకోడలు: అది చెడ్డదా! లోకమంతా ముద్దు పెట్టుకునే రచన అది.

మామయ్య: లోకం ముద్దు పెట్టుకునేది దేన్నో నేను చెప్తా. ఆ కీర్తన ఫిలిప్ నికొలాయ్‌ది. ఉన్నా అనే ఊళ్లో పాస్టరు. 1597లో ప్లేగు వచ్చి జనం రాలిపోతుంటే, రోజూ పాతిపెట్టిన చేతులతోనే పరలోకం గురించి పుస్తకం రాశాడు. 1599లో అచ్చయిన ఆ పుస్తకంలోది ఈ పాట. మేలుకోండి, పెండ్లికుమారుడు వస్తున్నాడు అని కాపలావాళ్లు కేకపెట్టే పాట. చావు మధ్యలో కూర్చుని పెళ్లి పాట రాశాడాయన. బాఖ్ 1731 నవంబరు 25న దాని మీద కాంటాటా చేశాడు. అందులో ఒకచోట టెనర్లు ఆ కీర్తన పాడుతుంటే, వయొలిన్లు బాఖ్ కల్పించిన ఇంకో వరస వాయిస్తాయి. ఎంతో అందమైన వరస. తర్వాత ఆ భాగాన్నే ఆర్గన్‌కు మార్చి 1748 ప్రాంతంలో అచ్చు వేయించాడు. ఇప్పుడు పెళ్లిళ్లలో, ఫోన్లలో జనం ఈల వేసేది ఏ వరస? నికొలాయ్‌దా, వయొలిన్‌దా?

మేనకోడలు: వయొలిన్‌దే.

మామయ్య: విందుకొచ్చిన చుట్టం పెద్దపీట మీద కూర్చున్నాడు, ఇంటాయన వసారాలో నిలబడ్డాడు. కాంటాటాలో కనీసం టెనర్లు మాటలు పలికారు. ఆర్గన్ మీద ఆ మాటలూ పోయాయి. ఎడమచేతి కింద ఎక్కడో ఇంటాయన గొణుగుతుంటాడు.

మేనకోడలు: గొణగడు మామయ్యా, సరైన స్టాప్ లాగితే బూర ఊదినట్టు వినపడుతుంది. కాపలావాడి గొంతు అలాగే ఉండాలి. అది వాయించేవాళ్ల తప్పు, రాసినవాడిది కాదు. ఇంకో సంగతి చూడండి. ఆ కాంటాటా ఏ ఆదివారానిది? త్రిత్వ పండుగ తర్వాత ఇరవై ఏడో ఆదివారానిది. ఈస్టరు బాగా ముందుకొచ్చిన ఏడాది తప్ప ఆ ఆదివారమే ఉండదు. బాఖ్ లైప్‌జిగ్‌లో ఉన్న అన్నేళ్లలో 1731లో వచ్చింది, మళ్లీ 1742లో వచ్చింది. అంతే. కాంటాటా రాతప్రతి బీరువాలో పడుంటుంది. దాన్ని ఇద్దరు చేతులూ కాళ్లూ ఉన్న ఏ ఆర్గనిస్టయినా...

మామయ్య: ఇద్దరెందుకు, ఒకడే చాలుగా.

మేనకోడలు: రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్న ఏ ఆర్గనిస్టయినా, ఏ పల్లెటూరి గుళ్లోనైనా, ఏ ఆదివారమైనా వాయించుకునేలా చేశాడు. ట్సెల్లా ఊరి షూబ్లర్ అచ్చువేసిన ఆరు కొరాళ్లలో మొదటిది అదే. మీ లూథర్ చేసిందీ అదేగా, ఉన్నచోట నుంచి తీసి ఎక్కువ మందికి అందించడం?

మామయ్య: వాయించేవాళ్లకు అందించాడు. పాడేవాళ్లకు కాదు. మనదాకా వచ్చింది చూడు, కీర్తన వచ్చింది. లూథర్ ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ మన లూథరన్ గుళ్లలో తెలుగులో పాడతాం. మా నాయనమ్మకు బాఖ్ పేరు తెలీదు, పాట మాత్రం వచ్చు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో దిగినప్పుడు సామాన్లలో పైప్ ఆర్గన్ తెచ్చుకోలేదు. ఆర్గన్ లేకపోయినా కొరాల్ బతుకుతుంది. కొరాల్ లేకపోతే నీ ప్రిల్యూడ్ ఎక్కడుంది?

(ఇక్కడ నాదో పక్కమాట. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్ట్స్, స్వదేశం వెళ్లాక, లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో తర్జుమా చేసి హాలె పట్నంలో 1746లో అచ్చు వేయించాడు. అదే ఏడు అదే పట్నంలో బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ ఆర్గనిస్టుగా చేరాడు. తెలుగు అక్షరాలు ప్రెస్సు ఎక్కుతుంటే నాలుగు వీధుల అవతల ఎవరో కొరాల్ వాయిస్తూ ఉండి ఉండాలి. ఈ వాదనకు దీంతో పనేమీ లేదు, ఊరుకోబుద్ధి కాక రాశాను.)

మేనకోడలు: కొరాల్ లేకపోతే ప్రిల్యూడ్ లేదు, నిజమే. దాన్ని బాఖ్ కూడా మర్చిపోలేదు. వైమార్‌లో ‘చిన్న ఆర్గన్ పుస్తకం’ అని ఒకటి కుట్టించుకున్నాడు. ఏ పేజీలో ఏ కొరాల్ రావాలో 164 కొరాళ్లకు స్థలం కేటాయించి పెట్టుకున్నాడు. మొదటి భాగం సంవత్సరం పొడుగునా పాడే కీర్తనల క్రమంలోనే. పూర్తయినవి 46. మిగతావి చాలావరకు పేరు తప్ప ఏమీ లేని ఖాళీ కాగితాలు. అంటే ఆయన తలలో పాటల పుస్తకం మొత్తం ఉంది, దాని పక్కన తన పుస్తకం పెట్టాలనుకున్నాడు. దాని బదులు కాదు.

మామయ్య: ఆ పుస్తకంలోదే 641 ఉంది కదా. ‘కడగండ్లు ముంచుకొచ్చిన వేళ’ అనే కీర్తన.

మేనకోడలు: మీరు నా దగ్గరికే వస్తున్నారు. చెప్పండి.

మామయ్య: నువ్వే పోయినసారి వినిపించావు. ఆ 641లో వరస మీద నగలే నగలు. ఒక్క స్వరం ఒంటరిగా నిలబడదు. ముసలితనంలో అదే కీర్తనను మళ్లీ చేశాడు. 668. చూపు పోయాక మిత్రుడికి చెప్పి రాయించాడని 1751లో అచ్చువేసినవాళ్లు రాశారు. అందులో ఆ నగలన్నీ తీసేశాడు. వరస సంఘం పాడినట్టే, మొద్దుగా, తిన్నగా వస్తుంది. అంటే చివరికి ఆయనా ఆర్న్‌స్టాట్ పెద్దల మాటే విన్నాడన్నమాట.

మేనకోడలు: పైగొంతు వరకే చూశారు మీరు. కింద ఏం జరిగిందో చూడలేదు. ప్రతి పాదం పైన రాకముందే కింది మూడు గొంతులు దాన్ని ముందుగా అందుకుంటాయి, ఒకటి తిన్నగా, ఇంకొకటి తలకిందులుగా. పైకెక్కాల్సిన చోట దిగుతుంది, దిగాల్సిన చోట ఎక్కుతుంది. 641 కన్నా 668లోనే అల్లిక ఎక్కువ. అయితే ఆ అల్లికనంతా కిందికి తోసి, పాటను పైన ఒంటరిగా వదిలాడు.

మామయ్య: పాటను వదిలాడు కదా, అదే నేను అడుగుతున్నది!

మేనకోడలు: అల్లడం మానలేదు కదా, నేను అడుగుతున్నదీ అదే.

ఇక్కడ ఇద్దరూ నవ్వేశారు. కాసేపు ఆ వరస కూనిరాగం తీసుకున్నారు, ఆయన తిన్నగా, ఆమె తలకిందులుగా. తలకిందులు కుదరలేదు, మధ్యలో ఆగిపోయింది.

మేనకోడలు: ఒకటి మాత్రం మీ దారికి వస్తాను. అక్కడ కచ్చేరీల్లో 659 వాయిస్తారు. పియానిస్టు బుజోని చేతిలో పియానోకు కూడా ఎక్కింది అది. హాలంతా కళ్లు మూసుకుని వింటుంది. ఆ నాలుగు పాదాలు నోటికి వచ్చినవాళ్లు ఎందరున్నారో అని చూస్తుంటాను. జర్మనీలో కూడా తగ్గిపోతున్నారు. వాళ్లు వింటున్నది సగమే.

మామయ్య: మీ బాఖ్‌ని కాపాడాలన్నా ముందు నా పాట కావాలన్నమాట.

మేనకోడలు: అవును. మీ పాటను పాడేవాళ్లు లేని చోట దాన్ని ఇంకా గుర్తుచేస్తున్నది మా బాఖ్.

మామయ్య: అయితే ఒక షరతు. ఈసారి మన గుళ్లో వాయిస్తానన్నావు కదా. ముందు నేను సంఘానికి ఆ నాలుగు పాదాలు నేర్పుతా. వాళ్లు పాడాక నువ్వు వాయించు.

మేనకోడలు: ప్రిల్యూడ్ అంటే ముందు వాయించేది మామయ్యా. బాఖ్ దగ్గర ఆర్గనే ముందు.

మామయ్య: ఆయన సంఘానికి పాట ముందే వచ్చు. మనవాళ్లకు రాదు. కాబట్టి పాట ముందు.

దానికి ఆమె దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. బాఖ్ పక్షాన నిలబడే మేనకోడలి వైపే నా మొగ్గు, అయితే మామయ్య పెట్టిన షరతుతో. 659 ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. వినే ముందు ‘నున్ కొమ్, డేర్ హైడెన్ హైలాంట్’ అని వెతికి, గాయకబృందం మామూలుగా పాడిన నాలుగు పాదాలు వినండి. రెండు మూడు సార్లు వాళ్లతోపాటు పాడండి. జర్మన్ రాకపోతే అకారంతో పాడినా చాలు. ఆ తర్వాతే బాఖ్‌ని పెట్టండి.